సామ్ కెర్ తొలి క్రీడాజీవితం

సామ్ కెర్ (పూర్తి పేరు: సమంతా మే కెర్, జననం: 1993, సెప్టెంబర్ 10) ఆస్ట్రేలియాకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ క్రీడాకారిణి. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని ఈస్ట్ ఫ్రీమాంటిల్‌లో జన్మించిన ఈమె 15 ఏళ్ళ వయస్సులోనే దేశవాళీ లీగ్‌లోనూ, జాతీయ జట్టులోనూ ప్రవేశించింది. 16 ఏళ్ళ వయస్సులో ఆసియా కప్ ఫైనల్లో గోల్ సాధించింది. 2017లో అమెరికా మహిళల లీగ్‌లో ఒకే సీజన్‌లో అత్యధిక గోల్స్ రికార్డు నెలకొల్పి, ఆసియా ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం పొందింది. ఈ వ్యాసం బాల్యం నుండి 2017 వరకు గల ఈమె తొలి దశను వివరిస్తుంది. ఆ కాలంలో ఆస్ట్రేలియాలో మహిళలకు ఫుట్‌బాల్ జీవనాధారమైన వృత్తిగా ఇంకా స్థిరపడలేదు. అందువల్ల కెర్ ఎదుగుదల చరిత్ర ఆ వృత్తి రూపుదిద్దుకున్న చరిత్రతో ముడిపడి ఉంది.

కుటుంబ నేపథ్యం

కెర్ కుటుంబానికి భారతదేశంతో సంబంధముంది. ఈమె తండ్రి కలకత్తాలో (ప్రస్తుత కోల్‌కత) జన్మించాడు. ఆయన తండ్రి ఆంగ్లేయుడు, తల్లి భారతీయురాలు. తర్వాత ఆ కుటుంబం ఆస్ట్రేలియాకు వలస వెళ్ళింది. తండ్రి అక్కడ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడాడు. తల్లి పశ్చిమ ఆస్ట్రేలియాలోని క్రీడాకారుల కుటుంబానికి చెందినది.

కెర్ అన్న డేనియల్ కెర్ కూడా ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ క్రీడాకారుడే. 2001 నుండి 2013 వరకు పెర్త్ నగరానికి చెందిన వెస్ట్ కోస్ట్ ఈగిల్స్ జట్టు తరఫున ఆడాడు. 2006 ఫైనల్లో సిడ్నీ స్వాన్స్‌ను ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడించి విజేతగా నిలిచిన జట్టులో ఇతడు సభ్యుడు. అప్పటికి చెల్లెలి వయస్సు 13 సంవత్సరాలు. అన్న అదే ఆటలో దేశంలోకెల్లా పెద్ద పోటీని గెలిచేనాటికి చెల్లెలు ఆ ఆటను వదులుకోవలసి వచ్చింది.

ఆస్ట్రేలియాలో రెండు ఫుట్‌బాల్ క్రీడలు

భారతదేశంలో ఫుట్‌బాల్ అంటే 11 మంది చొప్పున ఆడే ఆట ఒక్కటే. ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరు. దక్షిణ, పశ్చిమ రాష్ట్రాలలోనూ విక్టోరియాలోనూ 'ఫుటీ' అనగానే ప్రజలకు గుర్తుకు వచ్చేది ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ఈ ఆటలో ఒక్కో జట్టు తరఫున 18 మంది మైదానంలో ఉంటారు. మైదానం అండాకారంలో ఉంటుంది, బంతి కూడా అండాకారంలోనే ఉంటుంది. బంతిని కాలితో తన్నవచ్చు, చేతితో పట్టుకోవచ్చు, పిడికిలితో కొట్టి తోటి ఆటగాడికి అందించవచ్చు. ప్రత్యర్థుల తలలపైకి ఎగిరి బంతిని గాలిలోనే అందుకోవడం ఈ ఆటలో గొప్ప నైపుణ్యంగా భావించబడుతుంది. ప్రపంచమంతటా ఫుట్‌బాల్‌గా పిలవబడే ఆటను అక్కడ సామాన్యంగా సాకర్ అంటారు. పెర్త్ పరిసరాలలో పెరిగే పిల్లలకు మొదట పరిచయమయ్యేది చాలావరకు ఫుటీయే. కెర్ కూడా మొదట ఆ ఆటనే నేర్చుకుంది.

బాల్యం, ఆట మార్పు

కెర్ బాలుర జట్లలో చేరి ఫుటీ ఆడేది. చిన్న వయస్సులో బాలబాలికలు కలిసి ఆడటానికి అభ్యంతరం ఉండేది కాదు. కాని వయస్సు పెరిగేకొద్దీ ఆట మొరటుగా మారడం, బాలురతో కలిసి బాలికలు ఆడటానికి వయోపరిమితి ఉండటం ఈమెకు అడ్డంకులయ్యాయి. దెబ్బలు తగిలి ఇంటికి రావడం చూసి కుటుంబసభ్యులు కూడా ఆందోళన చెందారు. చివరకు 12 ఏళ్ళ వయస్సులో ఆ ఆటకు స్వస్తి చెప్పి సాకర్ వైపు మళ్ళింది. తొలిరోజుల్లో సాకర్ తనకు నచ్చలేదని ఈమె తర్వాతి కాలంలో ఇంటర్వ్యూలలో చెప్పింది.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. అప్పట్లో ఫుటీలో మహిళలకు జాతీయస్థాయి వృత్తిపరమైన లీగ్ లేదు. ఏఎఫ్ఎల్ మహిళల లీగ్ 2017 ఫిబ్రవరి 3న మెల్‌బోర్న్‌లో ప్రారంభమైంది. కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్ల మధ్య జరిగిన ఆ తొలి మ్యాచ్‌కు 24,568 మంది ప్రేక్షకులు హాజరు కాగా, చోటు లేక గేట్లు మూసివేయవలసి వచ్చింది. అప్పటికి కెర్ వయస్సు 23 సంవత్సరాలు. సాకర్‌లో దాదాపు ఎనిమిదేళ్ళ అంతర్జాతీయ అనుభవం గడించి ఉంది. తండ్రి, అన్న నడిచిన దారి ఈమెకు అందుబాటులోకి వచ్చేసరికి చాలా ఆలస్యమైంది.

సాకర్‌లో కెర్ పెర్త్‌కు చెందిన వెస్టర్న్ నైట్స్ క్లబ్‌లో చేరి ఆట నేర్చుకుంది. పెర్త్ గ్లోరీ పురుషుల జట్టులో స్ట్రైకర్‌గా పేరు పొందిన బాబీ డెస్పొటోవ్‌స్కీ ఈమె ప్రతిభను తొలిదశలోనే గుర్తించినవారిలో ఒకడు. వేగం, ఎగిరే శక్తి, భయం లేకుండా బంతి మీదికి దూసుకుపోవడం ఫుటీ నుండి ఈమె వెంట తెచ్చుకున్న గుణాలు.

పెర్త్ గ్లోరీ

2008 అక్టోబరులో ఆస్ట్రేలియాలో డబ్ల్యూ-లీగ్ పేరుతో మహిళల జాతీయ లీగ్ ప్రారంభమైంది. (2021లో దీనికి ఏ-లీగ్ ఉమెన్ అని పేరు మార్చారు.) మొదటి సీజన్‌లో 8 జట్లు పాల్గొన్నాయి. ఒక్కో జట్టు లీగ్ దశలో 10 మ్యాచ్‌లు మాత్రమే ఆడింది. పశ్చిమ ఆస్ట్రేలియా నుండి పాల్గొన్న ఏకైక జట్టు పెర్త్ గ్లోరీ. మిగిలిన జట్లలో అత్యధికం దేశపు తూర్పు తీరానికి చెందినవే. పెర్త్ నుండి సిడ్నీకి విమానమార్గంలో సుమారు 3,300 కి.మీ. దూరముంటుంది కాబట్టి ఈ జట్టుకు ప్రయాణభారం మిగిలిన జట్ల కంటే ఎక్కువ.

ఆ మొదటి సీజన్‌లోనే 15 ఏళ్ళ కెర్ పెర్త్ గ్లోరీ తరఫున రంగప్రవేశం చేసింది. 2009 సీజన్‌లో సిడ్నీ ఎఫ్‌సీపై దూరం నుండి కొట్టిన గోల్ ఆ సంవత్సరపు ఉత్తమ గోల్‌గా ఎంపికైంది. 2011 వరకు ఈమె ఈ జట్టులోనే కొనసాగింది.

లీగ్ ఏర్పడటం వల్ల యువ క్రీడాకారిణులకు ఆడే వేదిక లభించింది కాని, అది జీవనోపాధిగా మారలేదు. సీజన్ కొద్ది నెలల్లోనే ముగిసేది. చాలామందికి లభించే పారితోషికం జీవనానికి సరిపోయేది కాదు. అందుచేత చదువుకుంటూనో, వేరే ఉద్యోగం చేసుకుంటూనో ఆట కొనసాగించేవారు.

అంతర్జాతీయ రంగప్రవేశం

2009 ఫిబ్రవరిలో కాన్‌బెర్రాలో ఇటలీతో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి కెర్ ఆస్ట్రేలియా జాతీయ జట్టులో ప్రవేశించింది. అప్పటికి ఈమె వయస్సు 15 సంవత్సరాలు. ఆస్ట్రేలియా మహిళల జట్టును 'మటిల్డాస్' అని పిలుస్తారు. 'వాల్ట్‌జింగ్ మటిల్డా' అనే ప్రసిద్ధ ఆస్ట్రేలియా జానపదగీతం నుండి ఈ పేరు వచ్చింది. అప్పటి శిక్షకుడు టామ్ సెర్మన్ని యువ క్రీడాకారిణులకు ధైర్యంగా అవకాశాలు ఇచ్చేవాడు.

2010 ఆసియా కప్

ఆస్ట్రేలియా 2006లో ఓషియానియా సమాఖ్యను వీడి ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలో చేరింది. ఓషియానియాలో గట్టి పోటీ తక్కువ. ఆసియాలో మాత్రం చైనా, జపాన్, ఉత్తర కొరియా వంటి బలమైన మహిళల జట్లను ఎదుర్కోవలసి ఉంటుంది. 2010 మేలో చైనాలోని చెంగ్డూ నగరంలో జరిగిన మహిళల ఆసియా కప్ పోటీలకు కెర్ ఎంపికైంది. ఈ పోటీలలో మొదటి మూడు స్థానాలు పొందిన జట్లకు 2011 ప్రపంచ కప్‌లో ప్రవేశం లభిస్తుంది.

సెమీఫైనల్లో జపాన్‌ను 1-0 తేడాతో ఓడించిన ఆస్ట్రేలియా మే 30న జరిగిన ఫైనల్లో ఉత్తర కొరియాతో తలపడింది. 19వ నిమిషంలో కెర్ గోల్ సాధించి జట్టుకు ఆధిక్యం తెచ్చింది. రెండవ అర్థభాగంలో ఉత్తర కొరియా స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో కూడా ఫలితం తేలకపోవడంతో నిర్వహించిన పెనాల్టీ షూటౌట్‌లో ఆస్ట్రేలియా 5-4తో విజయం సాధించింది. ఆసియా సమాఖ్యలో చేరిన తర్వాత ఆస్ట్రేలియా సీనియర్ జట్లలో ఆసియా కప్ గెలిచిన మొదటి జట్టు ఇదే. పురుషుల జట్టు ఈ ఘనతను 2015లో సాధించింది.

2011 ప్రపంచ కప్

2011లో జర్మనీలో జరిగిన మహిళల ప్రపంచ కప్‌కు 17 ఏళ్ళ కెర్ ఎంపికైంది. ఆస్ట్రేలియా తన తొలి మ్యాచ్‌లో బ్రెజిల్ చేతిలో 0-1తో ఓడిపోయినా, ఈక్వటోరియల్ గినియాపై 3-2తోనూ, నార్వేపై 2-1తోనూ గెలిచి క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ స్వీడన్ చేతిలో 1-3 తేడాతో పరాజయం పొందింది. జట్టులో కెర్ వయస్సువారు మరికొందరు ఉన్నారు. వారిలో 16 ఏళ్ళ కైట్లిన్ ఫోర్డ్ పోటీల ఉత్తమ యువ క్రీడాకారిణిగా ఎంపికైంది.

స్వీడన్‌పై ఆస్ట్రేలియా సాధించిన ఏకైక గోల్‌ను కొట్టినది ఎలీస్ పెర్రీ. భారత క్రికెట్ అభిమానులకు ఈమె ఆస్ట్రేలియా క్రికెట్ క్రీడాకారిణిగా బాగా పరిచితురాలు. ఒకే వ్యక్తి క్రికెట్, ఫుట్‌బాల్ రెండింటిలోనూ ప్రపంచ కప్ ఆడటం విశేషమైన ప్రతిభకు నిదర్శనం. మహిళల క్రీడలు పూర్తికాల వృత్తిగా మారకముందే ఇటువంటిది సాధ్యమైంది. ఆ తర్వాత పెర్రీ క్రికెట్‌లో స్థిరపడింది, కెర్ ఫుట్‌బాల్‌లోనే కొనసాగింది.

సిడ్నీ ఎఫ్‌సీ, అమెరికా లీగ్

2012-13 సీజన్‌లో కెర్ పెర్త్‌ను వీడి సిడ్నీ ఎఫ్‌సీ జట్టులో చేరింది. 2013 జనవరిలో జరిగిన ఫైనల్లో ఈ జట్టు మెల్‌బోర్న్ విక్టరీని 3-1తో ఓడించి లీగ్ విజేతగా నిలిచింది.

2013లో అమెరికాలో నేషనల్ ఉమెన్స్ సాకర్ లీగ్ (ఎన్‌డబ్ల్యూఎస్ఎల్) మొదలైంది. అంతకు ముందు అక్కడ ప్రారంభమైన రెండు మహిళల లీగ్‌లు మూడేసి సీజన్లకే మూతపడ్డాయి. కొత్త లీగ్ ఖర్చు తగ్గించుకొని నిలదొక్కుకోవాలని ప్రయత్నించింది. మొదటి సీజన్‌లో క్రీడాకారిణికి చెల్లించే కనీస వేతనం 6,000 డాలర్లు మాత్రమే. కెర్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరానికి చెందిన వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్ జట్టులో చేరింది. ఆబీ వాంబాక్, కార్లీ లాయిడ్ వంటి అమెరికా ప్రముఖులు ఈ జట్టులో సహచరులు. ఫ్లాష్ లీగ్ దశలో అగ్రస్థానం పొంది, ఫైనల్లో పోర్ట్‌లాండ్ థార్న్స్ చేతిలో 0-2తో ఓడిపోయింది.

అప్పటి నుండి 2019 వరకు కెర్ ఏటా రెండు ఖండాలలో ఆడే పద్ధతిని అనుసరించింది. అమెరికా లీగ్ ఉత్తరార్థగోళపు వసంతం నుండి శరదృతువు వరకు జరిగేది. అది ముగిసేసరికి దక్షిణార్థగోళంలో వేసవి సమీపించి డబ్ల్యూ-లీగ్ మొదలయ్యేది. ఈ రెండింటి మధ్య జాతీయ జట్టు పోటీలు ఉండేవి. ఏ ఒక్క లీగ్ ఆదాయమూ ఏడాది పొడవునా సరిపోదు కాబట్టి ఆ తరం ఆస్ట్రేలియా క్రీడాకారిణులు పలువురు ఇదే మార్గం అవలంబించారు. దీనివల్ల ఆట మెరుగుపడింది కాని, శరీరానికి విశ్రాంతి కరువైంది.

2014లో కెర్ తిరిగి పెర్త్ గ్లోరీలో చేరింది. ఆ సీజన్‌లో జట్టు లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచి, ఫైనల్లో కాన్‌బెర్రా యునైటెడ్ చేతిలో ఓడింది. 2015లో అమెరికాలో న్యూజెర్సీకి చెందిన స్కై బ్లూ ఎఫ్‌సీ జట్టుకు మారింది.

గాయాలు

ఈ దశలో కెర్‌ను గాయాలు వెంటాడాయి. 2014 చివర మోకాలికి గాయమై శస్త్రచికిత్స అవసరమైంది. 2015 జూన్‌లో కెనడాలో ప్రారంభమైన ప్రపంచ కప్ నాటికి కోలుకొని జట్టులో స్థానం నిలబెట్టుకుంది. ఆ పోటీలలో ఆస్ట్రేలియా ప్రీక్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్‌ను 1-0తో ఓడించింది. పురుషులు, మహిళలు అన్న భేదం లేకుండా ప్రపంచ కప్ నాకౌట్ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా సీనియర్ జట్టు గెలవడం అదే ప్రథమం. క్వార్టర్ ఫైనల్లో జపాన్ చేతిలో 0-1తో ఓడిపోయింది. ఆ సంవత్సరం చివర కెర్ పాదానికి తీవ్రమైన గాయమై మళ్ళీ కొంతకాలం ఆటకు దూరమైంది. 2016 రియో ఒలింపిక్స్ నాటికి తిరిగివచ్చి జర్మనీతో 2-2తో ముగిసిన మ్యాచ్‌లో ఒక గోల్ సాధించింది. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా ఆతిథ్య బ్రెజిల్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో పరాజయం పొందింది.

పారితోషికం, 2015 సమ్మె

ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ చేరిన కొద్ది నెలలకే మటిల్డాస్ సమ్మెకు దిగారు. జాతీయ జట్టు క్రీడాకారిణికి అప్పటి ఒప్పందం ప్రకారం లభించేది ఏడాదికి 21,000 ఆస్ట్రేలియా డాలర్లు. ఆ ఒప్పందపు గడువు ముగిసినా కొత్తది కుదరలేదు. 2015 సెప్టెంబరులో ప్రపంచ విజేత అమెరికాతో ఆ దేశంలో ఆడవలసిన రెండు మ్యాచ్‌ల పర్యటనను జట్టు బహిష్కరించింది. క్రీడాకారుల సంఘానికీ, ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ సమాఖ్యకూ మధ్య చర్చలు సాగిన పిమ్మట నవంబరులో వేతనాల పెంపుతో కొత్త ఒప్పందం కుదిరింది.

దీని ప్రభావం దేశవాళీ లీగ్ పైనా పడింది. 2017లో డబ్ల్యూ-లీగ్ క్రీడాకారిణులకు తొలిసారిగా సీజన్‌కు 10,000 ఆస్ట్రేలియా డాలర్ల కనీస వేతనం నిర్ణయించబడింది. 2019 నవంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం జాతీయ పురుషుల, మహిళల జట్లు ఆదాయాన్ని సమానంగా పంచుకునే ఏర్పాటు జరిగింది. కెర్ 15 ఏళ్ళ వయస్సులో ఆడటం మొదలుపెట్టినప్పుడు ఈ రక్షణలేవీ లేవు.

2017: ప్రపంచస్థాయి గుర్తింపు

2017 సంవత్సరం కెర్ క్రీడాజీవితంలో మైలురాయి. స్కై బ్లూ తరఫున ఆ సీజన్‌లో 17 గోల్స్ సాధించి ఎన్‌డబ్ల్యూఎస్ఎల్‌లో కొత్త రికార్డు స్థాపించింది. అంతకు ముందు రికార్డు 2014లో కిమ్ లిటిల్ సాధించిన 16 గోల్స్. (కెర్ రికార్డును 2019లో ఈమే 18 గోల్స్‌తో అధిగమించింది.) ఆగస్టులో సియాటిల్ రెయిన్‌తో జరిగిన మ్యాచ్‌లో స్కై బ్లూ 0-3తో వెనుకబడి ఉండగా, రెండవ అర్థభాగంలో కెర్ ఒక్కతే 4 గోల్స్ చేసి జట్టును 5-4తో గెలిపించింది. అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్‌తో పాటు లీగ్ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం కూడా ఈమెకే దక్కింది.

ఆ ఏడాది జూలై, ఆగస్టులలో అమెరికాలో నాలుగు దేశాల పోటీలు జరిగాయి. ఆస్ట్రేలియా తన చరిత్రలో తొలిసారిగా అమెరికాను 1-0తో ఓడించింది. తర్వాత జపాన్‌పై 4-2తో గెలిచిన మ్యాచ్‌లో కెర్ హ్యాట్రిక్ సాధించింది. చివరి మ్యాచ్‌లో బ్రెజిల్‌ను 6-1తో ఓడించి ఆస్ట్రేలియా విజేత అయింది. సెప్టెంబరులో స్వదేశంలో బ్రెజిల్‌తో ఆడిన రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లకు ఒక్కోదానికి 15,000కు పైగా ప్రేక్షకులు వచ్చారు. మహిళల ఫుట్‌బాల్‌కు స్టేడియాలు నిండటం ఆస్ట్రేలియాలో అప్పటికి కొత్త విషయం. ఆ సంవత్సరానికి ఆసియా ఉత్తమ క్రీడాకారిణిగానూ, 2018 జనవరిలో 'యంగ్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్'గానూ కెర్ ఎంపికైంది.

ఆటతీరు

కెర్ స్ట్రైకర్ స్థానంలో పేరు తెచ్చుకుంది. తొలిరోజుల్లో పక్కల నుండి దాడి చేసే వింగర్‌గా కూడా ఆడింది. ఈమె ఎత్తు మరీ ఎక్కువ కాకపోయినా తలతో కొట్టే గోల్స్‌కు ప్రసిద్ధి చెందింది. బంతి పడే చోటును ముందే పసిగట్టి, రక్షకుల కంటే ముందుగా గాలిలోకి లేవగలగడం దీనికి కారణం. బాల్యంలో ఆడిన ఫుటీ ఇందుకు తోడ్పడిందని తరచుగా చెప్పబడుతుంది. గోల్ సాధించిన తర్వాత వెనక్కి పల్టీ కొట్టి సంతోషం తెలపడం ఈమె గుర్తుగా మారింది. ఆస్ట్రేలియాలో చాలామంది చిన్నపిల్లలు దీనిని అనుకరించసాగారు.

తర్వాతి కాలం

2018లో షికాగో రెడ్ స్టార్స్‌కు మారిన కెర్, 2019 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా సారథిగా నియమితురాలైంది. 2019 నవంబరులో ఇంగ్లాండుకు చెందిన చెల్సీ క్లబ్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. దీంతో ఏటా రెండు లీగ్‌లు ఆడే అవసరం తీరింది. 2020-21, 2021-22 సీజన్లలో ఇంగ్లాండు మహిళల సూపర్ లీగ్‌లో అత్యధిక గోల్స్ సాధించిన క్రీడాకారిణిగా నిలిచింది.

2022 జనవరిలో మహిళల ఆసియా కప్ భారతదేశంలో జరిగింది. జనవరి 21న ముంబైలో ఇండోనేషియాపై ఆస్ట్రేలియా 18-0తో గెలిచిన మ్యాచ్‌లో కెర్ 5 గోల్స్ చేసింది. తద్వారా టిమ్ కాహిల్ పేరిట ఉన్న 50 గోల్స్ రికార్డును దాటి, పురుషులు, మహిళలలో ఆస్ట్రేలియా తరఫున అత్యధిక అంతర్జాతీయ గోల్స్ సాధించిన వ్యక్తి అయింది. తండ్రి పుట్టిన దేశంలోనే ఈ రికార్డు నమోదు కావడం విశేషం.

తొలి దశలోని ముఖ్య విజయాలు

* 2010: ఆస్ట్రేలియా జట్టుతో మహిళల ఆసియా కప్ విజయం
* 2013: సిడ్నీ ఎఫ్‌సీ జట్టుతో డబ్ల్యూ-లీగ్ టైటిల్
* 2013: వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్ జట్టుతో ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ లీగ్ దశలో అగ్రస్థానం
* 2014: పెర్త్ గ్లోరీ జట్టుతో డబ్ల్యూ-లీగ్ లీగ్ దశలో అగ్రస్థానం
* 2017: ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ గోల్డెన్ బూట్, ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం
* 2017: ఆసియా ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం